భారత ఎన్నికల సంఘానికి బహిరంగ లేఖ: గల్ఫ్ కూలీకి విమానం ఎక్కకుండా ఓటేసే దారి కావాలి

గౌరవనీయులైన ప్రధాన ఎన్నికల కమిషనర్ గారికి, తోటి కమిషనర్లకు నమస్కారాలు.

మాది జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. 2003లో దుబాయి పోయాను. అక్కడ నాలుగేళ్లు, ఆ తర్వాత ఖతర్‌లో పదిహేనేళ్లు స్కాఫోల్డింగ్ (కట్టడాల చుట్టూ పరంజాలు కట్టే) పని చేశాను. 2022లో ఇంటికి తిరిగొచ్చాను. ఈ పందొమ్మిదేళ్లలో మా ఊళ్లో ఎన్నిసార్లు ఎన్నికలు జరిగాయో వేళ్ల మీద లెక్కపెడితే ఒక చెయ్యి చాలదు. నేను ఓటేసింది మాత్రం ఒకే ఒక్కసారి, 2014 ఏప్రిల్ 30న. చెల్లె పెళ్లికని సెలవు మీద వచ్చాను, ఎన్నికల తేదీ ఆ సెలవులో పడింది. తెలంగాణ రాష్ట్రం వస్తున్న ఏడాది అది. క్యూలో నిలబడ్డప్పుడు ఒళ్లు పులకరించింది. ఆ పెళ్లికి ఇంకేదైనా నెలలో ముహూర్తం కుదిరి ఉంటే ఆ ఒక్క ఓటు కూడా ఉండేది కాదు.

ఇప్పుడు మా పెద్దబ్బాయి షార్జాలో ఉన్నాడు. నేను వచ్చిన ఏడాదే, 21 ఏళ్ల వయసులో వాడు పోయాడు. ఇంతవరకు ఒక్క ఓటూ వేయలేదు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు, 2024 పార్లమెంటు ఎన్నికలప్పుడు ఫోన్ చేసి, "నాన్నా, మనూళ్లో లైన్ పెద్దగుందా?" అని అడిగాడు. ఈ లేఖ వాడి కోసం రాస్తున్నాను. వాడితో పాటు ఒక్కో గదిలో ఎనిమిది మంది, పది మంది లెక్కన పడుకునే మన పిల్లలందరి కోసం రాస్తున్నాను.

ముందు మీకు ఒక రాత్రి గురించి చెప్పాలి.

ఖతర్‌లో సముద్రం ఒడ్డున రాస్ లఫాన్ అనే చోట గ్యాస్ ప్లాంట్లున్నాయి. 2011లో నేను అక్కడ క్యాంపులో ఉన్నాను. మా పక్క గదిలో థాయ్‌లాండ్ వెల్డర్లు నలుగురు ఉండేవాళ్లు. పైపు వెల్డింగులో వాళ్లకు సాటి లేదు. వాళ్లలో ఒకాయనతో నాకు స్నేహం కుదిరింది. ఆయనది ఉదోన్ థానీ. ఆ ప్రాంతం మొత్తాన్ని ఈశాన్ అంటారట, ఆ దేశానికి ఈశాన్యాన ఉంటుంది. మన మాటా వాళ్ల మాటా ఒకటే అని తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం. వానను నమ్ముకున్న వరి, ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, ఊళ్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు మాత్రమే మిగలడం... ఆయన చెబుతుంటే మా మెట్‌పల్లి చుట్టుపక్కల సంగతే వింటున్నట్టు ఉండేది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, రెండు అరబ్బీ ముక్కలతోనే ఇదంతా మాట్లాడుకునేవాళ్లం.

జూన్ నెలలో ఒక సాయంత్రం ఆయన చేతిలో ఒక కవరు కనిపించింది. వాళ్ల ఎంబసీ పంపింది. లోపల బ్యాలెట్ పేపర్లు. జూలై 3న వాళ్ల దేశంలో ఎన్నికలు. ఆ రాత్రి ఆయన స్నానం చేసి, ఊరికి పోయేటప్పుడు వేసుకోవడానికి దాచుకున్న చొక్కా తీసి వేసుకున్నాడు. గదిలో వాళ్లను కాసేపు బయటికి పొమ్మన్నాడు. మంచం మీద కూర్చొని గుర్తు పెట్టి, కవరు అంటించి బయటికి వచ్చాడు. పది నిమిషాల పని. ఎవరికి వేశావని అడిగితే చెప్పలేదు. చెప్పకూడదు కూడా. "మరి మీకెప్పుడు?" అని నన్ను అడిగాడు. మాకు ఇలాంటిది లేదన్నాను. "ఇండియా చాలా పెద్ద దేశం కదా?" అన్నాడు. ఎగతాళి కాదది, నిజంగానే అర్థం కాక అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

థాయ్‌లాండ్‌లో అంతా సవ్యంగా ఉందని నేను చెప్పడం లేదు. 1997 నాటి రాజ్యాంగం విదేశాల్లో ఉన్నవాళ్లకు ఓటు ఇచ్చింది, 2000 సంవత్సరం నుంచి వాళ్లు వేస్తున్నారు. కానీ 2014 ఫిబ్రవరి ఎన్నిక రద్దయింది, ఆ మే నెలలో సైన్యం అధికారం తీసుకుంది, మళ్లీ ఎన్నికలు జరగడానికి 2019 మార్చి 24 దాకా పట్టింది. ఆ ఎన్నికలోనే న్యూజిలాండ్ నుంచి రావాల్సిన 1,500కు పైగా ఓట్లు లెక్కింపు సమయానికి అందలేదని పక్కన పెట్టేశారు. అది వాళ్ల తప్పే, మనం అందులోంచి నేర్చుకోవాల్సిందీ ఉంది. అయినా ఒక మాట చెప్పాలి. అన్ని ఒడిదుడుకుల మధ్య కూడా ఎన్నిక అంటూ జరిగితే దేశం దాటి పోయిన కూలీకి బ్యాలెట్ పంపాలనే పద్ధతిని వాళ్లు వదలలేదు. 1952 నుంచి ఎన్నికలు జరుపుతున్న మనం ఆ పని ఇంకా మొదలే పెట్టలేదు.

ఫిలిప్పీన్స్ వాళ్లది ఇంకో అడుగు ముందే. 2003లో చట్టం చేసుకొని 2004 నుంచి ఎంబసీల్లో ఓటేయడం మొదలుపెట్టారు. నేను అక్కడున్నప్పుడు నెల రోజుల గడువు ఇచ్చేవాళ్లు కాబట్టి శుక్రవారం సెలవు దొరికినవాడు ఆ శుక్రవారమే పోయేవాడు. మా స్టోర్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమె ఓటేసి వచ్చి సిరా అంటిన వేలు చూపించేది. బంగ్లాదేశ్ కూడా 2025 నవంబర్‌లో ఒక యాప్ తెచ్చి, పోస్టులో ఓటేయడానికి ప్రవాసుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది.

మరి మన దగ్గర ఏముంది? 2010లో పార్లమెంటు చట్టం సవరించింది. 2011 ఫిబ్రవరి నుంచి విదేశాల్లో ఉన్న భారత పౌరుడు ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఓటర్ల జాబితాలో పేరు ఎక్కుతుంది. అంతకుముందు అదీ లేదు కాబట్టి దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఓటు వేయాలంటే మనిషే వచ్చి, ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకొని, తన ఊరి బూత్‌లో నిలబడాలి. పేరు మాత్రం రాసుకుంటాం, ఓటేయాలంటే మాత్రం విమానం ఎక్కి రమ్మంటే అది ఎవరికి అందే హక్కు?

ఖతర్‌లో చట్టం ప్రకారం కనీస మూలవేతనం నెలకు 1,000 రియాళ్లు. మామూలు కంపెనీలో రెండేళ్లకు ఒకసారి సెలవు. మధ్యలో పోతానంటే టికెట్టు సొంత డబ్బు, ఆ రోజుల జీతం కోత, కొన్నిచోట్ల ఉద్యోగం ఉంటుందో లేదో కూడా చెప్పలేం. పైగా ఎన్నికల షెడ్యూలు వచ్చాక పోలింగుకు ఉండేది నెలా రెండు నెలలే. ఆ నెలలో సెలవు అడిగితే ఫోర్‌మన్ మొహం ఎలా పెడతాడో గల్ఫ్‌లో పనిచేసిన ఎవరినైనా అడగండి.

మీ లెక్కలే చూడండి. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదైనవాళ్లు 1,19,374 మంది. వచ్చి ఓటేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8 వేల పేర్లుంటే ఓటేసింది 195 మంది. ఒక్క గల్ఫ్‌లోనే సుమారు 90 లక్షల మంది భారతీయులున్నారు. ఈ అంకెల్ని చూసి 'ప్రవాసులకు ఓటు మీద ఆసక్తి లేదు' అని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. కేరళ నుంచి అంతమంది ఎలా వచ్చారు? అక్కడి సంఘాలు విమానాలు మాట్లాడి జనాన్ని దింపుతాయి. వాళ్లను నేను తప్పు పట్టను, ఓటు మీద వాళ్లకున్న ప్రేమ అది. కానీ టికెట్టు ఎవరో కొనిపెడితే తప్ప ఓటు పడని పరిస్థితి మంచిది కాదు. ఎన్నికల్లో డబ్బు ప్రభావం తగ్గించాలని రాత్రింబవళ్లు కష్టపడే మీకు ఆ సంగతి నేను చెప్పాలా?

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. 2018 డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికలు. అప్పుడు కూడా నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే నేనూ మా ఆవిడా బూత్‌కు పోయాం. ఆమె పేరుంది, నా పేరు లేదు. 2014లో ఓటేసిన అదే బూత్. ఊళ్లో ఉండడం లేదని ఎప్పుడో తీసేసి ఉంటారు. నియమం ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ తీసేస్తున్నామని నాకు గానీ మా ఇంట్లో వాళ్లకు గానీ ఒక్క ముక్క చెప్పలేదు, ఫారం 6ఏ అనేది ఒకటుందని కూడా ఎవరూ చెప్పలేదు. ఊళ్లో పుట్టి, ఊళ్లో ఇల్లు కట్టుకొని, ఊరి గుడికి చందా పంపినవాణ్ణి, ఆ రోజు బూత్ బయట వేపచెట్టు కింద కూర్చొని మా ఆవిడ ఓటేసి వచ్చేదాకా ఎదురుచూశాను. ఖతర్ తిరిగి పోయాక మా మేనల్లుడి ఫోన్‌లో 6ఏ నింపి పంపాను. పేరు ఎక్కింది. ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి, సెలవు దొరకలేదు. మీ లెక్కల్లో 'ఓటు వేయని ప్రవాస ఓటరు' అయ్యాను.

ఆ 2019 ఎన్నిక మీకూ బాగా గుర్తుండే ఉంటుంది. మాది నిజామాబాద్ పార్లమెంటు సీటు. పసుపు రైతులు పంతం పట్టి నామినేషన్లు వేస్తే మొత్తం 185 మంది అభ్యర్థులయ్యారు. ఇక పేపర్ బ్యాలెట్ తప్పదనుకున్నారు అందరూ. మీరు ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసగా పెట్టి ఓటింగ్ యంత్రాలతోనే జరిపించారు. మా ఆవిడ ఫోన్‌లో ఆ వరస గురించి చెబుతుంటే క్యాంపులో అందరం చుట్టూ చేరి విన్నాం. గుజరాత్‌లో గిర్ అడవి మధ్య ఒకే ఒక్క ఓటరు కోసం మీరు బూత్ పెడతారని చదివాను. 2024లో 85 ఏళ్లు దాటినవాళ్ల ఇంటికే పోయి ఓటు వేయించుకున్నారు. మా ఊళ్లో ఒక అవ్వ మంచంలోంచే ఓటేసి మురిసిపోవడం నేను కళ్లారా చూశాను. 2019 ఓటర్ల దినోత్సవానికి మీరు పెట్టుకున్న మాట 'ఏ ఓటరూ వెనకబడిపోకూడదు' అని. ఆ మాట మీద మీకున్న నిజాయితీని నేను నమ్ముతున్నాను. అందుకే ఈ లేఖ ఏ నాయకుడికీ రాయకుండా మీకు రాస్తున్నాను.

దూరంగా ఉన్నవాళ్లతో ఓటేయించే పద్ధతి మీకు కొత్త కూడా కాదు. సైన్యంలో ఉన్నవాళ్లకు 2016 నుంచి ఆన్‌లైన్‌లో బ్యాలెట్ పంపుతున్నారు. వాళ్లు దాన్ని ప్రింట్ తీసుకొని, గుర్తు పెట్టి పోస్టులో పంపుతారు. విదేశాల్లోని మన ఎంబసీల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులకూ ఇదే సౌకర్యం ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ఖతర్ రాజధాని దోహాలోని మన ఎంబసీలో కౌంటర్‌కు ఆ పక్కన కూర్చున్న భారతీయుడికి పోస్టల్ బ్యాలెట్ ఉంది. ఈ పక్క పాస్‌పోర్టు రెన్యువల్‌కు నిలబడ్డ భారతీయుడికి లేదు. ఇద్దరి మధ్య ఉన్నది ఒక అద్దం.

2018 ఆగస్టులో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది, ప్రవాసి తన బదులు ఓటేయడానికి ఊళ్లో ఒకరిని నియమించుకోవచ్చని. ఆ లోక్‌సభతో పాటే అదీ రద్దయింది. నిజం చెప్పాలంటే అది రద్దు కావడం మంచిదే అనుకుంటాను. మావాళ్లలో చాలామందికి ఊళ్లో అప్పులుంటాయి. అప్పిచ్చినవాడు వచ్చి 'నీ ఓటు నా పేరున రాయి' అంటే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? నా ఓటు నా చేత్తోనే పడాలి.

ఆ తర్వాత 2020 నవంబర్‌లో మీరే న్యాయశాఖకు రాశారు, ప్రవాసులకు పోస్టల్ బ్యాలెట్ ఇవ్వడానికి మేం సిద్ధం అని. పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు, 1961 నాటి ఎన్నికల నియమాలు సవరిస్తే చాలు అని కూడా అన్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా క్యాంపు మెస్‌లో పండగలా ఉంది. కొన్నాళ్లకు పత్రికల్లో ఇంకో వార్త వచ్చింది. మొదటి విడతలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ లాంటి దేశాల్లో ఉన్నవాళ్లకు ఇస్తారట, గల్ఫ్ వాళ్లకు తర్వాత ఆలోచిస్తారట. చివరికి ఎవరికీ రాలేదు. కానీ ఆ 'తర్వాత' అనే మాట మాకు గుచ్చుకుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల మీద నాకు అసూయ లేదు, వాళ్లకూ ఓటు రావాల్సిందే. అయితే వాళ్లలో చాలామంది అక్కడే స్థిరపడొచ్చు, అక్కడి పౌరసత్వం తీసుకోవచ్చు. గల్ఫ్‌లో మాకు ఆ దారే లేదు. అక్కడ ముప్ఫై ఏళ్లున్నా మేం పరాయివాళ్లమే. వీసా అయిపోతే రావాల్సింది ఈ ఊరికే. మాకున్నది ఈ ఒక్క దేశం, ఈ ఒక్క ఓటు.

గల్ఫ్ దేశాలు తమ గడ్డ మీద ఓటింగ్ ఒప్పుకోవని ఒక సందేహం ఉంది. ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ వాళ్ల ఎంబసీలు అదే గడ్డ మీద ఏళ్లుగా ఓట్లు వేయించుకుంటున్నాయి. ఊరేగింపులు, మీటింగులు మాకు వద్దు. గోడల లోపల ఒక పెట్టె చాలు.

ఓటు లేకపోతే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. 2020 సెప్టెంబర్‌లో, కరోనాతో జనం పనులు పోయి ఏడుస్తున్నప్పుడు, గల్ఫ్‌కు పోయే మన కూలీలకు ఉండాల్సిన కనీస వేతనాన్ని మన కేంద్ర ప్రభుత్వమే రెండు సర్క్యులర్లతో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, 2021 జూలైలో వాటిని వెనక్కి తీసుకుంది. ఇంతమంది జీతం మీద కోత పెట్టేటప్పుడు ఏ పార్టీ ఎంపీకీ టెన్షన్ పుట్టలేదు. ఎందుకు పుడుతుంది? కోత పడినవాడు వచ్చే ఎన్నికల్లో క్యూలో ఉండడు కదా. రాష్ట్రంలో చూస్తే గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ సాయానికి చేతులెత్తి మొక్కుతాను. మా గురించి ఆలోచించడం శవపేటిక శంషాబాద్‌లో దిగినప్పుడు మొదలవుతోంది, అదే నా బాధ.

ఇక మీరు ఏం చేయగలరో నాకు తోచింది రాస్తాను. సైనికులకు ఇచ్చిన పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి మాకు ఇస్తే పనిచేయదు. క్యాంపులో ప్రింటర్ ఉండదు. మా సంతకం మాదేనని ధ్రువీకరించే అధికారి ఉండడు. ఉత్తరాలు కంపెనీ పోస్ట్ బాక్సుకు వస్తాయి, అంటే అవి ముందు క్యాంప్ బాస్ చేతిలో పడతాయి. మా థాయ్ మిత్రుడి గదిలో మంచివాళ్లుండబట్టి ఆయన ఓటు రహస్యంగా పడింది. అందరి గదులూ అలా ఉండవు. అందుకని ఓటు ఎంబసీలోనే, కాన్సులేట్‌లోనే పడాలి. బ్యాలెట్ అక్కడే ప్రింట్ తీసి, అక్కడే చాటున గుర్తు పెట్టించి, అక్కడే పెట్టెలో వేయించండి. పోలింగుకు ముందు మూడు నాలుగు వారాంతాలు ఇవ్వండి. పాస్‌పోర్టు పనుల కోసం ఎంబసీవాళ్లు దూరం ఊళ్లలో, ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఇప్పటికే సెలవు రోజుల్లో క్యాంపులు పెడుతున్నారు. ఆ టేబుళ్ల పక్కనే ఇదీ పెట్టొచ్చు. ఆ కవర్లు సర్కారు సంచుల్లో, లెక్కింపుకు బాగా ముందే మన జిల్లాలకు చేరాలి. న్యూజిలాండ్‌లో థాయ్‌లాండ్ వాళ్లకు జరిగింది మనకు జరగకూడదు.

పేర్ల నమోదు కూడా అంతే. గల్ఫ్‌కు పోయే కూలీ పోకముందే ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో ప్రభుత్వానికి అన్ని వివరాలూ ఇస్తాడు. హైదరాబాద్‌లో పోయేముందు శిక్షణ కూడా ఉంటుంది. అదే రోజు 6ఏ కూడా నింపించండి. ఊళ్లో పేరు తీసేసేటప్పుడు ఇంట్లో వాళ్ల చేతిలో ఆ ఫారం పెట్టండి. ఇంకొకటి. ఆ ఫారానికి చెల్లే వీసా కాగితం జతచేయమంటారు. కంపెనీ మోసం చేసి, జీతాలు ఎగ్గొట్టి, అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ చేయక వీసా పోయినవాళ్లు వేలమంది ఉన్నారు. మావాళ్లు ఖల్లివెల్లి అంటారు వాళ్లను. వీసా పోయింది గానీ వాళ్ల భారత పౌరసత్వం పోలేదు. అందరికన్నా ఎక్కువ కష్టంలో ఉన్న వాళ్లను ఈ ఒక్క కాగితం కోసం బయట నిలబెట్టకండి.

దేశానికి మేం పంపే డబ్బు గురించి నేను ఇందులో ఎక్కడా రాయలేదు, కావాలనే రాయలేదు. డబ్బు పంపితే ఓటు, పంపకపోతే లేదు అనే లెక్క నాకు నచ్చదు. నెల జీతం అందక ఇంటికి రూపాయి పంపలేనివాడికి కూడా ఓటు ఉండాలి.

మా తెలంగాణ అసెంబ్లీకి మళ్లీ 2028లో ఎన్నికలు రావాలి. అప్పటికి మావాడికి 27 ఏళ్లు వస్తాయి. గల్ఫ్ దేశాలను కూడా కలుపుకొని మీరు నియమాలు ఎప్పటిలోగా సవరింపజేస్తారో, మొదటి బ్యాలెట్ ఏ ఎన్నికకు పంపుతారో ఒక తేదీ చెప్పండి. ఆ తేదీ నేను వాడికి ఫోన్‌లో చెబుతాను.

ఇట్లు,
మెట్‌పల్లి ప్రాంతం నుంచి,
గల్ఫ్‌లో పందొమ్మిదేళ్లు పనిచేసి వచ్చిన ఒక ఓటరు